తడి వేరు, చెమ్మ వేరు

మా పిన్ని ఇళ్లు చూస్తుంది. అదే ఆవిడ పని. ఎవరైనా పాత ఇల్లు కొనాలనుకుంటే, అమ్మేవాళ్లకి మాట ఇచ్చేముందు ఆవిడని తీసుకెళ్తారు. ఆవిడ మూడు గంటలపాటు ఆ ఇంటిని తట్టి, గోకి, వాసన చూసి, నీళ్లు పోసి, మెట్లెక్కి దిగి, ఏమేం బాగున్నాయో ఏమేం బాగోలేవో కాగితం మీద పెట్టి ఇస్తుంది. ఇంత పనినీ మా బంధువులు ఒక్క మాటలో తేల్చేశారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉంటుంది, మాట్లాడటం మొదలుపెడితే ఒక పట్టాన ఆపదు. అందుకని సుత్తి పిన్ని. రెండర్థాలూ అతికినట్టు సరిపోయేసరికి ఎవరూ ఇంకో పేరు వెతకలేదు. ఆవిడా ఏమీ అనుకోలేదు. "సుత్తి లేకపోతే గోడ నిజం చెప్పదు, సుత్తి కొట్టకపోతే మనిషి వినడు," అంటుంది.

నిజానికి ఆ సుత్తి అరచేతి పొడవే ఉంటుంది. దానితో నేలమీది పలకల్ని ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోతుంది. గట్టిగా ఉన్న పలక "టక్" అంటుంది. కింద డొల్లగా ఉన్నది "డబ్" అంటుంది. సంచిలో ఇంకా ఒక టార్చి, దారానికి కట్టిన ఇత్తడి గుండు, కరెంటు టెస్టరు, గోడలో తేమ ఎంతుందో అంకెల్లో చూపించే మీటరు, ఒక గాజు గోలీ ఉంటాయి. గోలీ స్నానాల గది కోసం. నేలమీద వదిలితే అది నీళ్లు పోయే తూము వైపు దొర్లాలి. గుమ్మం వైపు దొర్లిందంటే రేపు నీళ్లూ అటే వస్తాయి.

ఈ గోలీ మూలంగా మా పెద్ద మావయ్య రెండేళ్లు పిన్నితో మాట్లాడలేదు. మావయ్య కొత్త ఇల్లు కట్టుకుని అందర్నీ భోజనానికి పిలిచాడు. రంగు బాగుందని ఒకరు, కిటికీలు బాగున్నాయని ఒకరు మెచ్చుకుంటున్నారు. పిన్ని చేతులు కడుక్కోవడానికని వెళ్లి పావుగంటసేపు రాలేదు. వచ్చాక కూడా పాపం తనంతట తాను ఏమీ అనలేదు. "ఏమే, ఎలా ఉంది ఇల్లు?" అని మావయ్యే అడిగాడు.

"ఇల్లు బాగుంది అన్నయ్యా. స్నానం మాత్రం గుమ్మంలో నిలబడి చెయ్యి. నీళ్లు ఎలాగూ అక్కడికే వస్తాయి," అంది పిన్ని.

పుట్టుకతో ఎవరూ ఇలా ఉండరు. పెళ్లయిన కొత్తలో పిన్ని ఒక హార్డ్‌వేర్ షాపు కౌంటర్లో పనిచేసేది. బాబాయి స్కూలు మాస్టారు. ఇద్దరూ కలిసి ఒక పాత ఇల్లు కొన్నారు. సాయంత్రపు ఎండ వంటింటి కిటికీలోంచి వచ్చి గచ్చు మీద పడే తీరు చూసి మురిసిపోయి కొన్నారు. ఎండని చూసి ఇల్లు కొన్నవాళ్లకి వానాకాలం ఒకటుంటుందని ఎవరు గుర్తుచేస్తారు? మొదటి వానకే పడకగది కప్పు మూడుచోట్ల కారింది. బాబాయి మంచంమీద గొడుగు వేసుకుని కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దారు. వంటింటి ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. మేడమెట్లలో ఏడోది మిగతావాటికన్నా రెండు వేళ్లు ఎత్తు. వచ్చిన ప్రతివాళ్లూ అక్కడ తూలి ముందుకు పడేవాళ్లు. "మంచిదేలే, దొంగ వస్తే చప్పుడవుతుంది," అని బాబాయి సర్దిచెప్పుకునేవారు.

పిన్ని సర్దుకోలేదు. ఏడాదిపాటు తాపీమేస్త్రీ, ప్లంబరు, కరెంటు మనిషి వంతులవారీగా ఇంట్లో పనిచేస్తుంటే, వాళ్ల వెనకే నిలబడి ప్రతివాళ్లనీ మూడు ప్రశ్నలు వేసింది. ఇది ఎందుకిలా అయింది? అది మీకెలా తెలిసింది? కొనకముందే తెలిసేదా? మూడో ప్రశ్నకి ముగ్గురూ ఒకటే చెప్పారు. "చూసుంటే తెలిసేదమ్మా."

ఆ మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. ఇరుగుపొరుగులో ఎవరు ఇల్లు కొంటున్నా వెంట వెళ్లడం మొదలుపెట్టింది. తర్వాత కోర్సు చదివి సర్టిఫికెట్టు తెచ్చుకుంది. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. కట్టేవాడికి చెప్పారు, చేసేవాడికి చెప్పారు. కొనేవాడిని మాత్రం గాలికి వదిలేశారు. కొని చూడకూడదు, చూసి కొనాలి," అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. తను మరమ్మతులు చెయ్యదు, చేసేవాళ్లని పంపదు. అమ్మేవాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా తాగదు, ఫ్లాస్కు వెంట ఉంటుంది. కొనమనీ చెప్పదు, మానమనీ చెప్పదు. ఇంట్లో ఉన్నదేమిటో చెబుతుంది, అంతే.

ఆ చెప్పడంలోనే నేను వస్తాను. తెలుగు ఎమ్మే అయ్యాక ఉద్యోగం దొరికేలోగా పిన్ని దగ్గర చేరాను. ఇల్లు చూస్తున్నంతసేపూ ఆవిడ ఫోనులో మాట్లాడి రికార్డు చేస్తుంది. ఇంటికొచ్చి అది విని నేను రిపోర్టు టైపు చెయ్యాలి. "వెనక వరండా, రెండో స్తంభం, అడుగున పెచ్చు లేచింది, తమ్ముడూ అక్కడ చెయ్యి పెట్టకు, పెచ్చు మీదపడుతుంది, చెప్పానా" అన్నట్టుంటుంది రికార్డు. ఇందులో రిపోర్టులోకి ఎక్కాల్సింది ఏది, తమ్ముడికి చెప్పింది ఏది, నేను విడదియ్యాలి. నలుగురిలో నోరు విప్పలేని నాకు, తలుపేసుకుని ఇంకొకరి మాటలు కాగితం మీద పెట్టే పని హాయిగానే ఉండేది. ఆ దర్జీ ఇల్లు వచ్చేదాకా.

దర్జీకి మా వీధి మొదట్లో ఒక మేడమీద కొట్టుంది. ఆ మేడ పడగొట్టేస్తున్నారు, రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. మళ్లీ అద్దెకొట్టు వద్దు, వీధి వైపు గది ఉన్న ఇల్లు కొనుక్కుని ముందు కొట్టు, వెనక కాపురం పెట్టుకుందామని మొగుడూపెళ్లాలు రెండేళ్లుగా వెతుకుతున్నారు. చివరికి దొరికింది. రిటైరైన స్టేషన్ మాస్టారి ఇల్లు. ముందు పెద్ద హాలు, పక్కన పడకగది, వెనక వంటిల్లు, వరండా. వీధిలోంచి ఒక్క మెట్టు. మేడెక్కలేక మానేసిన పాత ఖాతాదారులందరూ మళ్లీ వస్తారని దర్జీ ఆశ.

శనివారం పొద్దున్నే వెళ్లాం. స్టేషన్ మాస్టారు చేతిగడియారం చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"తొమ్మిదన్నారు. తొమ్మిదీ నాలుగైంది," అన్నారు.

"బయటి గోడలు చూసి వస్తున్నాం మాస్టారూ. బండి టైముకే వచ్చింది, ప్లాట్‌ఫారం ఎక్కేసరికి ఆలస్యమైంది," అంది పిన్ని.

ఆయన నవ్వలేదు. కానీ దారి ఇచ్చారు.

పిన్ని మొదట డాబా ఎక్కింది. నాలుగు బకెట్లు నీళ్లు పోయించి అవి ఎటు పోతున్నాయో చూసింది. కిందికి దిగి కుళాయిలన్నీ ఒకేసారి తిప్పమని, వంటింట్లో ధార సన్నబడుతుందేమో చూడమని నన్ను నిలబెట్టింది. తలుపులు వేసి తీసింది. ప్లగ్గులన్నిట్లో టెస్టరు పెట్టింది. అలమరల్లో తల దూర్చి వాసన పీల్చింది. దర్జీ వెనకే తిరుగుతున్నాడు.

"అక్కా, నాకేమో అన్నీ బాగున్నట్టే కనిపిస్తున్నాయి. మీరేమో ప్రతిదాని దగ్గరా 'ఊఁ' అంటున్నారు. మనిద్దరం చూస్తున్నది ఒక్క ఇల్లేనా?" అన్నాడు.

"చొక్కా కొనాలంటే నువ్వు ముందేం చూస్తావు తమ్ముడూ?"

"లోపలికి తిప్పి కుట్టు చూస్తా."

"కొట్టువాడికి కోపం రాదూ?"

"వస్తుంది. అయినా తిప్పుతా."

"ఇంటిని అలా తిప్పలేంగా. అందుకే ఇన్ని తిప్పలు."

హాల్లో పిన్ని ఆగిపోయింది. మూడు గోడల రంగు వెలిసిపోయి ఉంది. తూర్పు గోడ ఒక్కటే కొత్తగా మెరుస్తోంది, దాని ముందు చెప్పుల బల్ల.

"మాస్టారూ, నాలుగు గోడలుండగా దీనికొక్కదానికే రంగెందుకు వేయించారు?"

"నాకా గోడంటే ఇష్టం," అన్నారు మాస్టారు.

పిన్ని చెప్పుల బల్ల జరిపింది. కొత్త రంగు కింద గోడ పొక్కులు పొక్కులుగా ఉబ్బింది. గోటితో గీకితే తెల్లటి ఉప్పులాంటి పొడి రాలింది. మీటరు పెట్టి పైకి జరుపుకుంటూ పోయింది. మోకాలి దగ్గర అంకె పడిపోయింది.

దర్జీ భార్య మొహం చిన్నబోయింది. "వదినా, బట్టలన్నీ పెట్టేది ఇక్కడేగా. తాన్లకి మచ్చలొస్తే ఇంకేముంది? జనం బట్ట మనమీద నమ్మకంతో ఇస్తారు," అంది.

అప్పుడు పిన్ని ఆవిడకి తన లెక్క చెప్పింది, మూడు వేళ్లు ఎత్తి చూపించి మరీ.

"ఇలా చూడమ్మా. తడి అంటే పైనుంచి పడింది. కుళాయి బాగుచేస్తే నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. మీ వంటింటి సింకు కింద ఉన్నది తడి. చెమ్మ అంటే గోడ తనంతట తాను పీల్చుకున్నది. దానంతటది ఆరదు, మేస్త్రీ రావాలి. అడుగుదాకా సున్నం ఊడగొట్టి, మందు ఎక్కించి, మళ్లీ పూయాలి. పని పెద్దదే గానీ కుదురుతుంది. ఇక ఊట అంటే ఇల్లే నీళ్లమీద కూర్చుందని. దానికి మేస్త్రీ కాదు, పడవ కావాలి. ఇన్నేళ్లలో ఆ మాట నేను రెండు ఇళ్లకే రాశాను."

"ఇదేంటి మరి?"

"ఇది చెమ్మ."

ఆ పూట ఆ ఇంట్లో పిన్ని ఫోనుకి చెప్పింది ఇదీ. హాలు తూర్పు గోడ, చెమ్మ, మోకాలెత్తు. పడకగదిలో స్నానాల గది వైపు గోడ, చెమ్మ, జానెడు. మెట్ల కింద అర, చెమ్మ. వెనక వరండా స్తంభం, చెమ్మ. సింకు కింద, తడి. మిగతా ఇల్లు గట్టిది. పగుళ్లు వెంట్రుకవాసివే. చెదలు లేవు.

ఆదివారం మధ్యాహ్నం టైపు చెయ్యడానికి కూర్చున్నాను. ఒక పేజీలో నాలుగు చెమ్మలు. మా క్లాసులో పునరుక్తి దోషం గురించి ఒక సెమిస్టరంతా చెప్పారు. ఒకే మాట పదేపదే వాడేవాడు మాటల పేదవాడని మా మేడమ్ అనేవారు. మా పిన్నిని మాటల పేదరాలని ఎవరైనా అనుకుంటే నేను ఊరుకోలేను. మెట్ల కింద అరకి చెమ్మ ఉంచాను. స్తంభానికి తేమ ఇచ్చాను. పడకగది గోడకి తడి రాశాను. అన్నిటికన్నా పెద్ద గోడ, హాలు గోడ, దానికి అన్నిటికన్నా అందమైన మాట ఉండాలనిపించింది. పిన్ని చెప్పిన మూడు వేళ్ల లెక్క ఆ క్షణంలో గుర్తుకే రాలేదు. "తూర్పు గోడ అడుగున మోకాలెత్తువరకు సన్నని ఊట గోచరిస్తున్నది" అని రాసి, రెండుసార్లు చదువుకుని సంతోషించాను. "గోచరిస్తున్నది" కూడా నాదే.

మామూలుగా అయితే పంపేముందు పిన్ని ప్రతి అక్షరం చదువుతుంది. ఆ రోజు ఆవిడ కళ్లజోడు ఎవరింట్లోనో నీళ్ల ట్యాంకులో పడిపోయింది. "పంపెయ్యవే, నేను చెప్పిందేగా," అంది. పంపేశాను.

సోమవారం పన్నెండింటికి స్టేషన్ మాస్టారు ఫోను చేశారు. పిన్ని స్పీకరు పెట్టింది.

"అమ్మా, నా ఇంట్లో ఊటుందా?"

"ఊటేంటి మాస్టారూ?"

"మీరే రాశారుగా! సన్నని ఊట గోచరిస్తోందట. ఆ దర్జీ పొద్దున్నే వచ్చి ఇల్లు వద్దని దణ్ణం పెట్టి పోయాడు. వీధిలో నలుగురి ముందూ చెప్పాడు. ఊటుంటే ముప్ఫై ఏళ్లుగా నేను కుళాయి ముందు బిందె పట్టుకుని ఎందుకు నిలబడతానమ్మా? సాయంత్రం ఐదింటికి మందుల కొట్టాయన వచ్చి బయానా ఇస్తానంటున్నాడు. ఐదంటే ఐదే. ఆలోపు ఈ ఊట సంగతి తేల్చండి." ఫోను పెట్టేశారు.

పిన్ని కొత్త కళ్లజోడు పెట్టుకుని రిపోర్టు తెరిచింది. చదువుతుంటే నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను. ఆ గోడలో ఏ లోపమూ లేదు. ఉంటే కాస్త బాగుండేది.

"ఏమే, నేను చెమ్మ అని ఎన్నిసార్లు చెప్పాను?"

"నాలుగు."

"నువ్వెన్నిసార్లు రాశావు?"

"ఒకటి."

"మిగతా మూడూ ఎక్కడికి పోయాయి?"

పునరుక్తి దోషం గురించి చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. పిన్ని మాత్రం విన్నది.

"మీ కావ్యంలో పునరుక్తి దోషమేమో. నా రిపోర్టులో పునరుక్తి లేకపోవడమే దోషం," అంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు నాకు తిట్టుకన్నా కష్టమనిపించింది. "పాపం, రెండేళ్లు వెతుక్కున్నాడే. నీ అందమైన మాట చదివి ఇల్లు వదులుకున్నాడు. లే, చెప్పులేసుకో."

కొట్లో మెషీన్లు రెండూ ఆగి ఉన్నాయి. దర్జీ కత్తిరింపుల బల్ల దగ్గర ఊరికే కూర్చున్నాడు. పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను తల వంచుకుని కొలత టేపు చుట్టసాగాడు. భార్య అంది.

"శనివారం చెమ్మన్నారు, నిన్న ఊటన్నారు, ఇవాళ మళ్లీ చెమ్మంటున్నారు. రేపు ఎడారంటారా వదినా?"

దర్జీ తల ఎత్తకుండానే అన్నాడు. "తప్పుగా అనుకోకండక్కా. మాస్టారు గానీ మీతో మాట్లాడారా? ఐదింటిలోపు మమ్మల్ని ఒప్పించమని?"

ఇన్నేళ్లలో ఎవరూ పిన్నిని అంత మాట అనలేదు. సంచి పట్టీ మీద ఆవిడ వేళ్లు బిగుసుకోవడం చూశాను. కానీ గొంతు మారలేదు.

"మాట్లాడారు. నన్ను తిట్టడానికి. నీ అనుమానం న్యాయమే తమ్ముడూ. కాగితం మీద నా మాట చెడిపోయింది, ఇప్పుడు నోటితో ఎన్ని చెప్పినా నువ్వు నమ్మనక్కర్లేదు. ఒక్కసారి వచ్చి నీ కళ్లతో చూడు. చూశాక వద్దంటే వద్దు."

"చూస్తే పోయేదేముంది?" అంది దర్జీ భార్య, తాళం చేతిలోకి తీసుకుంటూ.

మేం వెళ్లేసరికి మూడూ ఇరవై. మాస్టారు తలుపు తీసి గిర్రున తిరిగి లోపలికి పోయారు. గునపంతో తిరిగొచ్చారు.

"ఎక్కడ? మీ ఊట ఎక్కడ గోచరిస్తోంది? చూపించండి!"

"మాస్టారూ, ఆగండి. అది ఊట కాదు, మా అమ్మాయి మాట జారింది. నేను తవ్వమనలేదు..."

"మీరు అనలేదు. నా పరువు అంది!"

ఆపేలోపే తూర్పు గోడ పక్కన పలక ఒకటి ఎగిరిపడింది. రెండోది లేచింది. డెబ్బై దాటిన మనిషిలో అంత బలం ఎక్కడ దాగుందో తెలియదు. దర్జీ వెళ్లి, "పెద్దాయనా, ఇలా ఇవ్వండి," అని గునపం అందుకోబోతే, "నువ్వు నా ఇల్లు వద్దన్నావు, నా గునపం ముట్టుకోకు," అన్నారు. నాలుగు పోట్లయ్యాక ఆయాసం వచ్చి ఆయనే ఇచ్చేశారు. మూరెడు లోతు గొయ్యి దర్జీయే పూర్తిచేశాడు.

పిన్ని వంగి అడుగునుంచి గుప్పెడు మట్టి తీసింది. పిడికిట్లో పిండి, అరచెయ్యి తెరిచి చూపించింది. ఉండ నిలవలేదు, విరిగి రాలింది.

"నువ్వూ పిండు," అని దర్జీకి ఇచ్చింది. అతను పిండాడు. భార్య పిండింది. మాస్టారు కూడా పిండి, "ఇదా ఊట?" అని చెయ్యి మా అందరి మొహాల ముందూ తిప్పారు.

"ఇంకా తేలలేదు మాస్టారూ. మట్టిలో కాస్త తేమ ఉంది, గోడ పీలుస్తున్నది దాన్నే. కింద నీళ్లుంటే మాత్రం గోతిలోకి చేరతాయి. అరగంట చూడాలి," అంది పిన్ని.

అలా ఐదుగురం ఆ గోతి చుట్టూ కూర్చున్నాం. మాస్టారు కుర్చీలో, చేతిగడియారం కళ్లకెదురుగా పెట్టుకుని. మేం నలుగురం నేలమీద. పిన్ని టార్చి గోతిలోకి వేసి పట్టుకుంది. ఎవరో వీధిలోంచి తొంగిచూసి, ఏమైనా పడిపోయిందా అని అడిగారు. "పరువు పడింది, తీస్తున్నాం," అన్నారు మాస్టారు.

పది నిమిషాలు. గోతిలో ఏమీ లేదు. దర్జీ భార్య మెల్లగా మాస్టారితో మాటల్లో పడింది. ఈ హాల్లో ఎండ ఎన్నింటిదాకా ఉంటుంది, దుమ్ము వస్తుందా, వీధిలో వాళ్లు మంచివాళ్లేనా. వద్దన్న ఇంటి గురించి ఎవరూ అన్ని ప్రశ్నలు అడగరు. మాస్టారికీ అది తెలిసినట్టుంది. జవాబులు ఒక్కొక్కటీ కాస్త పొడుగవుతున్నాయి.

పిన్ని నావైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. హాలు గోడ సంగతి తేలిపోతోంది. పడకగది గోడ సంగతి మిగిలే ఉంది. అక్కడ నేను చెమ్మని తడి చేశాను. దర్జీ అది దానంతటదే ఆరిపోతుందనుకుంటాడు. మాస్టారు ఇప్పుడే కాస్త మెత్తబడ్డారు. పిన్నే చెప్పేస్తే బాగుండునని కాసేపు చూశాను. ఆవిడ టార్చి కదపలేదు.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాను.

"ఇంకో గొయ్యా?" అన్నారు మాస్టారు.

"కాదండీ. పడకగదిలో, స్నానాల గది వైపు గోడ. నేను తడి అని రాశాను. పిన్ని చెప్పింది చెమ్మ. అదీ ఆరదు, మేస్త్రీ రావాలి." ఒక్క గుక్కలో చెప్పాను. "సింకు కిందది ఒక్కటే తడి. మిగతా నాలుగూ చెమ్మే. చెమ్మ, చెమ్మ, చెమ్మ, చెమ్మ."

దర్జీ నన్ను మొదటిసారి పరీక్షగా చూశాడు. "అంటే ఒకచోట లేనిది పెట్టావు, ఇంకోచోట ఉన్నది తీశావు. మా కొట్లో కొత్తగా చేరినవాళ్లు చేతులు ఇలాగే కుడతారమ్మా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి," అన్నాడు. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"నాకు నష్టమయ్యేది కూడా చెప్పేశారే," అన్నారు పిన్నితో.

"మీకు లాభమయ్యేది చెప్పడానికి ఎంత దూరం వచ్చామో, దీనికీ అంతే దూరం మాస్టారూ."

ఆయన కాసేపు గడియారం చూసుకున్నారు. "నాలుగూ ఇరవై," అన్నారు. అందరం గోతిలోకి వంగాం. అడుగున మట్టి తప్ప ఏమీ లేదు.

దర్జీ లేచి దులుపుకున్నాడు. మోకాలు గోడకి ఆనించి కొలుచుకున్నాడు. అక్కడినుంచి రెండు జానలు పైకి వెళ్లి, అక్కడ చెయ్యి పెట్టి పెళ్లాంవైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఇంకో జానెడు పైకి చూపించింది. అతను చెయ్యి జరిపాడు. ఆవిడ సరేనంది.

"అక్కా, అరలు ఇక్కడినుంచి కొట్టుకుంటే?"

"కొనమని నేను చెప్పను."

"కొనాలా అని అడగట్లేదు. అరలు ఎక్కడినుంచి అని అడుగుతున్నా."

"గోడ బాగుచేయించి, ఒక ఎండాకాలం ఆరనిచ్చి కొట్టుకో. ఆలోపు బట్టలు పడమటి గోడకి పెట్టుకో. అది గట్టిది, నేను తట్టి చూశాను."

దర్జీ మాస్టారివైపు తిరిగాడు. "పెద్దాయనా, పొద్దున అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాం. ఇల్లు మాకే కావాలి. కానీ ఆ రెండు గోడలూ మీరు మేస్త్రీని పెట్టి బాగుచేయించి ఇవ్వాలి. పని అయ్యాక అక్క మళ్లీ వచ్చి మీటరు పెడుతుంది."

"మందుల కొట్టాయన గోడలడగలేదు."

"ఆయన గోడలు చూడలేదుగా. చూసే మనిషిని తెచ్చుకుంటే ఆయనా అడుగుతాడు," అంది దర్జీ భార్య. "అప్పుడు ఇంకో గొయ్యి తవ్వుకోవాలి మీరు."

మాస్టారు తన గుప్పిట్లో మిగిలిన మట్టిని గోతిలోకి రాల్చేశారు. చెయ్యి దులుపుకున్నారు. ఫోను తీసి మందుల కొట్టాయనకి చేశారు. "ఐదింటికి రానక్కర్లేదండీ. సీటు నిండింది," అన్నారు. పెట్టేసి దర్జీతో అన్నారు. "గోడలు బాగుచేయిస్తాను. గొయ్యి మాత్రం నువ్వు పూడ్చుకో. ఇల్లు నీదేగా ఇక."

"తాళంచెవులు ఇచ్చేదాకా మీదే కదండీ. గొయ్యీ మీదే."

"తవ్వింది నువ్వు."

"మొదలుపెట్టింది మీరు. నన్ను గునపం ముట్టుకోవద్దన్నారు కూడా."

ఇద్దరూ తీర్పుకోసం పిన్నివైపు చూశారు. ఆవిడ సుత్తి సంచిలో వేసుకుంది. నావైపు వేలు చూపించి, "ఊట పుట్టించింది ఇది. పార ఇటివ్వండి," అంది.

నేను పార అందుకున్నాను. గొయ్యి సగం నిండేసరికి చేతులు బొబ్బలెక్కాయి. మిగతా సగం దర్జీ పూడ్చాడు, పక్కన కుర్చీలోంచి మాస్టారు మట్టి ఎటు వెయ్యాలో చెబుతుండగా.